మూడో అంశం

మంగళవారం పదింటికి కౌన్సిల్ కూర్చుంటుంది.
నేను తొమ్మిదిన్నరకే
పన్నెండు ఫింజాన్లూ తుడిచి బోర్లిస్తాను.
ఇక్కడ ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపితే
చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉండాలి.
ఈ సూర్ ఊరి మంచిచెడ్డలన్నీ
ఊపడానికీ ఊపకపోవడానికీ మధ్యనే తేలతాయి.

మొదటి అంశం, మడ మొక్కలు.
ఖోర్ బురదలో మూడొందలు నాటితే
నూటడెబ్బై చచ్చిపోయాయట.
కారణం తెలియరాలేదంది రిపోర్టు.
నాకు తెలుసు.
మా తాళ్లరేవులో లాగూ వేసుకున్న పిల్లాడినడిగినా చెబుతాడు,
పీత బొరియ లేనిచోట మడ నిలవదని.
చెప్పలేదు.
యాలకులు తగ్గాయేమోనని దల్లా మూత తీసి వాసన చూస్తూ నిలబడ్డాను.
పద్నాలుగేళ్లు కాఫీ పోసినవాడికి
అరబ్బీ చెవిలోకి దిగినంత తేలిగ్గా
నోట్లోంచి రాదు.

రెండోది చెత్త లారీల టైర్లు.
దాని మీద గంట. నిజంగానే గంట.

మూడో అంశం, చేపల ఫ్యాక్టరీ దారిలో బస్టాప్.
హిలాల్ గారు కళ్లజోడు సర్దుకుని చదివారు:
"సర్వే చేయించాం. ఉదయం పదకొండుకి
అక్కడ వేచి ఉన్న ప్రయాణికులు, సున్నా."

అరబ్బీలో సున్నాని చుక్కలా పెడతారు.
బండి నంబర్లు చూసి నేర్చుకున్నాను, అంకెల వరకూ.
అంత చిన్న చుక్కలో
మావాళ్లంతా ఎలా పట్టారో!

పదకొండుకి ఎవరుంటారండీ?
పదకొండుకి మంగాయమ్మ
ఐసు నీళ్లలో మోచేతుల దాకా పెట్టి
రొయ్యల తలలు తీస్తూ ఉంటుంది.
వదిలేది మూడింటికి.
అప్పుడొస్తారు బయటికి,
మంగాయమ్మ, సిలోను కుసుమ, చిట్టగాంగ్ రహీమా,
పేర్లు తెలియని ఇంకో ముప్పై మంది,
మంచులోంచి తిన్నగా పెనం మీదికి.
బస్సేమో రౌండబౌటు దగ్గరే తిరిగిపోతుంది.
అక్కడికి రెండు కిలోమీటర్లు.

మా తాత పడవ చెక్కల సందుల్లో నార కుక్కేవాడు.
సందెక్కడుందో కంటికి కాదురా, వేలికి తెలియాలి అనేవాడు.
బల్ల మీద పటం పరిచి ఉంది.
ఎవరో తిని వదిలేసిన ఖర్జూరపు గింజ
సాసర్లో ఉంది.
నేను పెట్టానా, ట్రే వంచినప్పుడు జారిందా అంటే
ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.
ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా, రోడ్డు పక్కన పడింది గింజ.

ఇంజినీరు బుదూర్ గారు తీసెయ్యబోయి ఆగారు.
"ఏమిటిది, ధర్మా?"
నోట్లో ఉన్న అరబ్బీ అంతా పోగేశాను:
"మూడు గంటలు. ఆడవాళ్లు. నలభై. ఎండ."
క్రియాపదం ఒక్కటీ దొరకలేదు.
హిలాల్ గారు కప్పు ఊపలేదు,
అలాగే చాపి ఉంచారు.
నేను పొయ్యడం మర్చిపోయాను.

కాగితాల్లో ఏం రాసుకున్నారో తెలీదు.
ఏడు నెలలకి స్తంభం పాతారు.
స్తంభం మాత్రమే. నీలం రేకు, మీద బస్సు బొమ్మ.
కప్పు వచ్చే బడ్జెట్లోనట.

నిన్న పర్మిషన్ పెట్టి చూడ్డానికి వెళ్లాను.
మూడూ పది.
స్తంభం నీడ ఇసకలో బెత్తెడు వెడల్పున
పొడుగ్గా పడుకుని ఉంది.
అందులో ఒకరి వెనక ఒకరు, ఎనిమిది మంది.
మిగతావాళ్లు ఆ ఎనిమిది మంది నీడలో.
పొద్దు జరిగేకొద్దీ
కబుర్లు ఆపకుండానే, కిందికి చూడకుండానే
వరసంతా ఒక్క అడుగు పక్కకి జరుగుతోంది.
మంగాయమ్మ నన్ను చూసి
"రా తమ్ముడూ, చివర్న కొంచెం ఉంది" అంది.
బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం.

వచ్చే మంగళవారం మళ్లీ మడ మొక్కలట.
పీతని అరబ్బీలో ఏమంటారో
డ్రైవరు మొఫిజుల్‌ని అడిగి పెట్టుకున్నాను.
బొరియని కూడా.
ఈసారి ఒక క్రియాపదం కూడా.